స్కాట్లాండ్ పడమటి తీరంలో పరుగు: రూట్ వేసుకోవడం ఎలా

ఫోర్ట్ విలియంలో ఎక్కిన మల్లెయిగ్ రైలు గ్లెన్‌ఫిన్నన్ దాటాక ఎటు చూసినా నీళ్ళే. కాసేపు కొండల నడుమ మంచినీటి సరస్సు, మరికాసేపు నేల లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రం, రెంటి మధ్యా ఒళ్ళంతా నాచు పట్టిన ఓక్ చెట్లు. మోరర్, ఆరిసెయిగ్, మోయిడార్ట్, సూనార్ట్, ఆర్డ్‌నమర్కన్ అనే ఈ ప్రాంతాల్లో ఊళ్ళు చిన్నవి, దూరాలు ఎక్కువ, మనుషులు తక్కువ. గ్లాస్గోలోనో లండన్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ పార్కుల్లో పరిగెత్తే తెలుగువాళ్ళకి ఇది ఒక్క వారాంతంలో చేరుకోగలిగిన చోటు. ఇండియా నుంచి స్కాట్లాండ్ చూడడానికి వచ్చేవాళ్ళు కూడా బూట్లు పెట్టెలో వేసుకుని రావాలని నా కోరిక.

రోడ్డు మీద 10 కి.మీ. ఆగకుండా పరిగెత్తగలిగితే ఇక్కడ పరిగెత్తడానికి సరిపోతుంది. మారాల్సింది ఆలోచించే వరుస. ఊళ్ళో అయితే ముందు దూరం అనుకుని తర్వాత దారి చూసుకుంటాం. ఇక్కడ ముందు నేల ఎలాంటిదో చూడాలి, తర్వాత సముద్రం పోటు వేళలు, ఆ తర్వాత వెలుగు ఎంతసేపుంటుందో చూడాలి. ఈ మూడూ తేలాక దూరం దానంతటదే తేలుతుంది.

ముందు నెల ఎంచుకోండి

నన్నడిగితే మే నెల. ఈ తీరంలో ఏడాదిలో వాన తక్కువగా ఉండేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా. తక్కువంటే మన లెక్కలో తక్కువ కాదు. ఫోర్ట్ విలియంలో ఏడాదికి సుమారు 2000 మి.మీ. వాన పడుతుంది, హైదరాబాద్‌లో పడేదానికి రెండింతలకు పైనే. కానీ మేలో ఎండ కాసే రోజులు దొరుకుతాయి, ఓక్ చెట్ల కింద నీలం రంగు బ్లూబెల్ పూలు పరుచుకుని ఉంటాయి, పగలు పొడవుగా ఉంటుంది. జూన్ మూడో వారానికి పొద్దున నాలుగున్నరకే తెల్లారి, రాత్రి పదింటికి కూడా వెలుగుంటుంది. అదే డిసెంబరులో తొమ్మిదింటికి గాని సూర్యుడు రాడు, నాలుగు కాకముందే వెళ్ళిపోతాడు. మొదటిసారి వచ్చేవాళ్ళు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వదిలేయండి.

జూన్ నుంచి ఆగస్టు దాకా ఇంకో సమస్య ఉంది, మిడ్జ్‌లు. ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించని రక్తం తాగే ఈగలు ఇవి. గుంపులుగా వస్తాయి, చెవుల్లోకీ కనురెప్పల మీదికీ చేరతాయి. గంటకు 10, 12 కి.మీ. గాలి వీచినా, ఎండ గట్టిగా కాసినా అవి లేవవు. పరిగెత్తుతున్నంతసేపూ మీ జోలికి పెద్దగా రావు. లేసు కట్టుకోవడానికి ఆగారా, చుట్టుముడతాయి. అందుకే వేసవిలో గాలి లేని రోజున అడవి రూట్ మానేసి ఇసుక ఒడ్డుకి వెళ్ళండి. తెల్లవారుజామున, సాయంత్రం మబ్బుగా ఉన్నప్పుడు చెట్ల మధ్య ఆగకండి. తలమీంచి మెడదాకా వేసుకునే సన్నటి వల దుకాణాల్లో దొరుకుతుంది. మడిస్తే గుప్పెట్లో పడుతుంది, తప్పకుండా కొనుక్కోండి.

సెప్టెంబరు చివరి వారాలు కూడా బాగుంటాయి, ఫెర్న్ పొదలు రాగి రంగుకి తిరుగుతాయి. అయితే ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య దాకా కొండల మీద జింకల వేట జోరుగా సాగుతుంది. ఆ రోజుల్లో తీరం దారులు, అడవి దారులు పట్టుకోండి. కొండెక్కే రూట్ అయితే దారి మొదట్లో ఆ కొండ సొంతదారులైన ఎస్టేట్ వాళ్ళు పెట్టిన బోర్డు చదివి, వాళ్ళు చెప్పిన దారిలోనే వెళ్ళండి.

మకాం ఎక్కడ

కారు లేకపోతే ఆరిసెయిగ్ లేదా మోరర్. రెండు చోట్లా రైలు స్టేషన్ ఉంది. బ్రిటన్ ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా పడమటన ఉన్న స్టేషన్ ఆరిసెయిగే. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ నుంచి రైలు ఐదు గంటలు తీసుకుంటుంది. లండన్ నుంచి అయితే రాత్రి బయలుదేరే కలెడోనియన్ స్లీపర్ మర్నాడు పొద్దున ఫోర్ట్ విలియంలో దింపుతుంది. శనివారం రాత్రి ఆ బండి ఉండదు, ప్లాన్ వేసేటప్పుడే చూసుకోండి.

కారుంటే అఖారకల్ లేదా స్ట్రాంటియన్ మేలు. అటు మోయిడార్ట్ కోట, ఇటు సూనార్ట్ అడవులు, రెండూ అందుబాటులో ఉంటాయి. ఫోర్ట్ విలియం నుంచి దక్షిణంగా వచ్చి, కోరన్ దగ్గర కారుతో సహా ఫెర్రీ ఎక్కి లాఖ్ లిన్నీ అనే సముద్రపు పాయ దాటాలి. దాటడానికి ఐదు నిమిషాలే పడుతుంది. ఫెర్రీ నడవని రోజుల్లో మాత్రం లాఖ్ ఈల్ చుట్టూ తిరిగి రావాలి, బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి. అవతల చాలా రోడ్లు ఒక్క బండి పట్టేంత వెడల్పువే, ఎదురొచ్చే బండికి దారివ్వడానికి అక్కడక్కడా రోడ్డు పక్కన చోటు వదిలి ఉంటారు. అక్కడ కారు ఆపేసి పరుగుకి వెళ్ళిపోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. అంబులెన్సు వచ్చినా ఆగిపోతుంది.

సరుకులు ఫోర్ట్ విలియంలోనే కొనుక్కోండి. అవతల ఊరి దుకాణాలున్నాయి గాని సాయంత్రం త్వరగా మూసేస్తారు.

మ్యాప్‌లో నేలను చదవండి

ఫోన్‌లో నీలం చుక్కని నమ్ముకుని బయలుదేరకండి. ఇక్కడ చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, వానలో తడివేళ్ళకి ఫోన్ స్క్రీన్ పలకదు. ఆర్డ్‌నెన్స్ సర్వే అనే బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాపులు కొనండి. వాటిలో 4 సెం.మీ. అంటే నేల మీద 1 కి.మీ. ఆర్డ్‌నమర్కన్‌కి 390 నంబరు మ్యాపు, స్ట్రాంటియన్ వైపుకి 391, మోరర్, మల్లెయిగ్‌లకి 398. యాప్‌లో కూడా ఇవే మ్యాపులు దించుకోవచ్చు, కానీ కాగితం ఒకటి సంచిలో ఉండాలి.

మ్యాప్ ముందేసుకుని రూట్‌ని మూడు రకాలుగా విడగొట్టండి. పక్కపక్కనే రెండు గీతలుంటే అది ఎస్టేట్ బండ్లో, కలప లారీలో తిరిగే కంకర బాట, మీ మామూలు వేగానికి దగ్గరగా పోవచ్చు. ఒంటి నల్లచుక్కల గీత కాలిబాట. అది వెడల్పాటి దారి కావచ్చు, గొర్రెలు నడిచిన జాడ మాత్రమే కావచ్చు. ఇక గీతే లేని చోట గడ్డి గుర్తులు చిన్న చిన్నగా కనిపిస్తే అది బురద నేల. పైకి పచ్చగా, చదునుగా కనిపిస్తుంది. కాలు పెడితే మోకాలిదాకా దిగుతుంది. చల్లటి నల్లనీళ్ళు బూటులోకి వస్తాయి, కాలు లాగితే బూటు లోపలే ఉండిపోతుంది. దూది పింజల్లా తెల్లటి పూలు ఊగుతున్న చోటు, నాచు మరీ మెరుస్తున్న చోటు తప్పించుకుని, ముదురు రంగు హెదర్ పొదలున్న గట్టు మీదుగా వెళ్ళండి. అక్కడ నేల కాస్త గట్టిగా ఉంటుంది.

ఇంకొక సంగతి. స్కాట్లాండ్‌లో మంచినీటి సరస్సునీ లాఖ్ అంటారు, లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయనీ లాఖ్ అంటారు. లాఖ్ షీల్, లాఖ్ మోరర్ మంచినీళ్ళవి. లాఖ్ సూనార్ట్, లాఖ్ మోయిడార్ట్, లాఖ్ నెవిస్ ఉప్పునీళ్ళవి. మొదటివాటి ఒడ్డున పోటు భయం లేదు. రెండోవాటి ఒడ్డున దారి వేసుకుంటే తర్వాతి పని తప్పనిసరి.

పోటు వేళలు రాసుకోండి

ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులకి సముద్రం ఎక్కే, దిగే ఎత్తు 4 మీటర్లు దాటుతుంది. పొద్దున మీరు ఇసుక మీద పరిగెత్తిన చోట మధ్యాహ్నానికి రెండు నిలువుల నీళ్ళుండొచ్చు. మల్లెయిగ్ పోటు వేళలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. చూసేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోండి: చాలా పట్టికలు గ్రీనిచ్ కాలమానంలో ఇస్తారు. మార్చి చివర నుంచి అక్టోబరు చివర దాకా బ్రిటన్ గడియారాలు ఒక గంట ముందుంటాయి కాబట్టి, పట్టికలో 10:20 అని ఉంటే మీ చేతి గడియారంలో అది 11:20. పట్టిక ఏ కాలమానంలో ఉందో పైన రాసి ఉంటుంది, చదవండి.

నీళ్ళు ఆరుగంటల పాటు ఒకే వేగంతో ఎక్కవు. మొదటి గంట నెమ్మదిగా, మూడు, నాలుగు గంటల్లో చకచకా ఎక్కుతాయి, మొత్తం ఎత్తులో సగం ఆ రెండు గంటల్లోనే. అంటే ‘ఇంకా నీళ్ళు దూరంగానే ఉన్నాయి కదా’ అనిపించిన కాసేపటికే దారి మూసుకుపోతుంది. ఒడ్డు వెంబడి వెళ్ళే ఏ రూట్ అయినా నీళ్ళు దిగుతుండగా మొదలుపెట్టి, పూర్తిగా దిగాక గంటలోపు ఆ భాగం దాటేలా చూసుకోండి. ఆ వేళలు బాల్‌పెన్‌తో చేతి మీద రాసుకోవడం నా అలవాటు.

ఎక్కడ పరిగెత్తాలి

మొదటి రోజుకి ఆరిసెయిగ్ నుంచి మోరర్. స్టేషన్ నుంచి స్టేషన్‌కి సుమారు 10 కి.మీ. పెద్ద రోడ్డు వదిలేసి, సముద్రం పక్కన పోయే పాత రోడ్డు పట్టుకోండి. ఒంపులు, చిన్న చిన్న ఎత్తులు ఉంటాయి గాని తారు రోడ్డే. బండ్లు ఎదురొచ్చే వైపున, అంటే కుడిపక్కన పరిగెత్తండి. ట్రై, కామస్‌డారక్ దగ్గర రోడ్డు దిగి ఇసుకలోకి వెళ్ళొచ్చు. పొడి ఇసుకలో కాలు కూరుకుపోతుంది, నీళ్ళు అప్పుడే దిగిన తడి అంచు గట్టిగా ఉండి పరుగుకి హాయిగా ఉంటుంది. ఇసుక తెల్లగా ఉంటుంది, ఎండ పడితే నీళ్ళు లేత ఆకుపచ్చగా కనిపిస్తాయి, ఎదురుగా ఏగ్, రమ్ ద్వీపాలు. మోరర్‌లో రైలు టైమ్ చూసుకుని తిరిగొచ్చేయండి. రోజుకి కొద్ది బండ్లే ఉంటాయి, ఒకటి పోతే గంటల తరబడి కూర్చోవాలి.

కాళ్ళు కుదిరాక సింగింగ్ సాండ్స్‌కి వెళ్ళండి. అఖారకల్ పక్కన ఆరివేగెయిగ్ అనే చోట దారి మొదలవుతుంది. కెంట్రా బే అంచున బాట, తర్వాత శంఖాకార చెట్ల అడవి, ఆ తర్వాత ఒక్కసారిగా తెరుచుకునే ఇసుక ఒడ్డు. వెళ్ళిరావడం 10 కి.మీ. పరిధిలో ఉంటుంది, చాలావరకు కంకర బాట. పొడి ఇసుకని మడమతో గట్టిగా ఒత్తుతూ నడిస్తే కిర్రుమని మోగుతుంది, వాన పడి తడిసిన రోజు మోగదు. ఇక్కడ ఒక హెచ్చరిక బోర్డు ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఒడ్డున సైనికులకి శిక్షణ ఇచ్చారు, పేలని మందుగుండు ఇంకా అప్పుడప్పుడూ బయటపడొచ్చు. తుప్పుపట్టిన లోహం ముక్క ఏది కనిపించినా ముట్టుకోకండి. పిల్లలు వెంట ఉంటే ముందే చెప్పి పెట్టండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన రూట్ మోయిడార్ట్‌లో ఉంది. డోర్లిన్ దగ్గర కారు ఆపగానే ఎదురుగా చిన్న ద్వీపం, దాని మీద టియోరమ్ కోట శిథిలం. క్లాన్‌రానల్డ్ అనే మెక్‌డొనాల్డ్ తెగ శాఖ వాళ్ళ కోట అది. 1715లో, సింహాసనం పోగొట్టుకున్న స్టూవర్ట్ రాజవంశాన్ని మళ్ళీ గద్దెనెక్కించాలన్న జాకొబైట్ తిరుగుబాటుకి బయలుదేరేముందు ఆ శాఖ పెద్దే శత్రువుల చేతికి చిక్కకూడదని దాన్ని తగలబెట్టించాడని చెబుతారు. నీళ్ళు దిగినప్పుడు ఇసుక కట్ట మీదుగా నడిచి పోవచ్చు. అటూ ఇటూ కలిపి నాలుగు గంటలు, అంటే నీళ్ళు పూర్తిగా దిగే వేళకి రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా మాత్రమే దాటండి. లోపలికి మాత్రం పోకూడదు, గోడలు రాలిపోయే స్థితిలో ఉన్నాయి.

కోట చూసి వెనక్కి వచ్చాక తీరం వెంబడి ఉత్తరంగా సిల్వర్ వాక్ అనే దారి మొదలవుతుంది. రాళ్ళ గుట్ట పక్కన చెక్కినట్టుండే సన్నటి బాట, ఒక పక్క కొండ, ఇంకో పక్క కింద లాఖ్ మోయిడార్ట్. కొన్ని చోట్ల చెయ్యి ఆనించి దాటాలి, అక్కడ పరుగు ఆపేసి నడవండి. తడిసిన చెట్ల వేళ్ళు, తడి రాయి రెండూ జారతాయి, వాటిలో వేరు మరీ జారుతుంది. వేరు మీద అడుగు వేయకండి, దాన్ని దాటి వేయండి. కాసేపటికి పోర్ట్ ఎ వాటా అనే చోట పైకప్పులు లేని రాతి ఇళ్ళ గోడలు కనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడో ఊరుండేది. ఆ గోడల పక్కనించి దారి కొండ మీదికి తిరిగి, చిన్న చిన్న సరస్సులు దాటుకుంటూ మళ్ళీ డోర్లిన్ వైపు దిగుతుంది. చుట్టు మొత్తం సుమారు 10 కి.మీ. మాత్రమే. రోడ్డు మీద గంటలోపు 10 కి.మీ. పరిగెత్తేవాళ్ళు కూడా దీనికి రెండున్నర గంటలు పెట్టుకోండి.

సూనార్ట్ వైపు ఆరియండల్ అడవి ఉంది, స్ట్రాంటియన్ ఊరి పైన. జాతీయ ప్రకృతి రిజర్వ్ ఇది. చల్లటి, తడి వాతావరణంలో పెరిగే సముద్రతీర ఓక్ అడవి. వీటిని సమశీతోష్ణ వర్షారణ్యాలు అంటారు, ప్రపంచంలో ఇలాంటివి చాలా తక్కువ చోట్ల మిగిలాయి. ఐదారు కిలోమీటర్ల చుట్టు దారి, మెత్తటి నేల. ఇక్కడ వేగం తగ్గించమని బతిమాలుతున్నాను. ఒక్క చెట్టు దగ్గర ఆగి మాను వైపు చూడండి. కింద వేలెడు మందాన నాచు, దాని మీద ఫెర్న్ మొలకలు, ఇంకాస్త పైన అరచేతంత ఆకుల్లాంటి లైకెన్. పొడిగా ఉన్నప్పుడు అది బూడిద రంగులో, కాగితంలా పెళుసుగా ఉంటుంది. వాన పడ్డాక మెత్తబడి కొత్తాకు పచ్చగా మారుతుంది. లంగ్‌వర్ట్ అంటారు, గాలి శుభ్రంగా ఉన్న చోటే బతుకుతుంది. అందుకే చెట్టుని పట్టుకుని కాలు సాగదీసే వ్యాయామాలు ఇక్కడ వద్దు, కారు పార్కింగ్ దగ్గర చేసుకోండి.

శక్తి మిగిలితే అడవి దాటి లోయలో పైకి పోయే బాట పాత సీసం గనుల దాకా తీసుకెళుతుంది. ఆ గనుల్లో దొరికిన ఖనిజం నుంచే 1790 ప్రాంతంలో కొత్త మూలకం ఒకటి ఉందని గుర్తించారు. ఊరి పేరు మీదే దానికి స్ట్రాంటియం అని పేరు. దీపావళి టపాసుల్లో ఎర్రటి వెలుగునిచ్చేది ఆ స్ట్రాంటియమే. గని గుంతల అంచుకి మాత్రం పోకండి.

దూరం కావాలనుకునేవాళ్ళకి లాఖ్ షీల్. గ్లెన్‌ఫిన్నన్ దగ్గర మొదలై సరస్సు తూర్పు ఒడ్డు వెంబడి పోలోఖ్ దాకా కంకర బాట, 20 కి.మీ. పైనే. చదునుగా, గట్టిగా ఉంటుంది, హాఫ్ మారథాన్ చేసినవాళ్ళకి కష్టం కాదు. కానీ మధ్యలో ఊరు లేదు, దుకాణం లేదు, సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు, పోలోఖ్ నుంచి తిరిగి రావడానికి బస్సు కూడా లేదు. ఎవరైనా కారుతో అవతల ఎదురుచూస్తుంటేనే పూర్తి దారి వెళ్ళండి. లేకపోతే గ్లెన్‌ఫిన్నన్ నుంచి గంట పోయి, అదే దారిలో తిరిగి రండి. 1745 ఆగస్టు 19న స్టూవర్ట్ వంశపు రాకుమారుడు చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్ తిరుగుబాటుకి తన జెండా ఎత్తిన చోటు ఆ సరస్సు తలాపునే ఉంది, 1815లో కట్టిన స్తంభం గుర్తుగా నిలబడి ఉంటుంది. పరుగు అయ్యాక చూడడానికి తీరిక ఉంటుంది.

ఇక లాఖ్ మోరర్, బ్రిటిష్ దీవుల్లో అన్నిటికన్నా లోతైన మంచినీటి సరస్సు, 310 మీటర్లు. ఉత్తరపు ఒడ్డున రోడ్డు బ్రాకొరీనాతో ఆగిపోతుంది, అక్కణ్ణించి కాలిబాట ఎక్కుతూ దిగుతూ కొండ అవతల లాఖ్ నెవిస్ ఒడ్డున టార్బెట్‌కి చేరుతుంది. టార్బెట్‌కి రోడ్డు లేదు. వేసవిలో మల్లెయిగ్ నుంచి పడవ వస్తుంది, అందులో తిరిగి రావచ్చు. ముందుగా ఫోన్ చేసి, ఆ రోజు టార్బెట్‌లో ఆగి మిమ్మల్ని ఎక్కించుకుంటారని వాళ్ళ నోట విన్నాకే బయలుదేరండి. పడవ వేళకి గంట ముందు చేరేలా లెక్క వేసుకోండి. పడవ తప్పిపోతే వచ్చిన దారినే కాలినడకన తిరిగి రావాలి.

టైమ్ లెక్క

1892లో విలియం నెయిస్మిత్ అనే స్కాట్లాండ్ కొండలెక్కేవాడు చెప్పిన లెక్కని ఇప్పటికీ వాడతారు. దాన్ని మన కొలతల్లోకి మారిస్తే, గంటకు 5 కి.మీ. నడక, ఎక్కే ప్రతి 100 మీటర్లకు ఇంకో 10 నిమిషాలు. ఉదాహరణకి 10 కి.మీ. రూట్‌లో 300 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే రెండున్నర గంటలు. మొదటి రెండు మూడు రూట్లకి పరుగే అయినా ఈ నడక లెక్కే వేసుకోండి. తొందరగా అయిపోతే సంతోషం. చీలమండ బెణికితే ఇంటికి చేరడానికి పట్టే టైమ్ కూడా అదే.

సాధన ముందే మొదలుపెట్టాలి. వైజాగ్‌లో ఉంటే బీచ్ రోడ్డు చాలదు, కంబాలకొండ అడవి దారుల్లోకి వెళ్ళండి. హైదరాబాద్‌వాళ్ళకి వికారాబాద్ అనంతగిరి కొండలున్నాయి. కావలసింది వేగం కాదు, ఎగుడుదిగుడు నేల మీద చీలమండ పట్టు. వారానికోసారి మట్టి బాటలో గంటన్నర తిరిగితే తేడా తెలుస్తుంది.

సంచిలో ఏం ఉండాలి

మనకి ఎండదెబ్బ అంటే చిన్నప్పట్నుంచీ తెలుసు, జాగ్రత్తపడతాం. చలిదెబ్బ అలా కాదు, వచ్చేదాకా తెలియదు. 10 డిగ్రీలు ఉన్న రోజున వానలో తడిసి, గాలి కొడుతుండగా, కాలు నొప్పితో ఆగిపోయారనుకోండి, పావుగంటలో వణుకు మొదలవుతుంది. కాసేపటికి మాట తడబడుతుంది, జిప్ లాగడానికి వేళ్ళు పనిచేయవు. అందుకే ఎండ కాస్తున్నా సరే, కుట్లు మూసేసిన వాటర్‌ప్రూఫ్ జాకెట్, టోపీ, చేతి గ్లవ్స్, పొడిగా ఉంచేలా కవరు చుట్టిన ఇంకో పొడవు చేతుల చొక్కా ఉండాలి. కాటన్ బట్టలు వద్దు, తడిస్తే ఆరవు. ఒళ్ళంతా పట్టే ఎమర్జెన్సీ బ్యాగ్ ఒకటి, విజిల్, హెడ్ టార్చ్, మ్యాప్, దిక్సూచి, ఫోన్, పవర్ బ్యాంక్.

బూట్ల కింద లోతైన గాళ్ళుండాలి, పైన నీళ్ళు బయటికి పోయే జాలీ ఉండాలి. వాటర్‌ప్రూఫ్ బూట్లు ఇక్కడ పనికిరావు, పైనుంచి లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావు. ఉన్ని మేజోళ్ళు తడిసినా వెచ్చగానే ఉంటాయి. తినడానికి నేను పల్లీపట్టీ, ఖర్జూరాలు తీసుకెళ్తాను. చలిలో జెల్ ప్యాకెట్లు చింపడం కంటే ఇవి తేలిక. నీళ్ళు వాగుల్లో దొరుకుతాయి గాని పైన గొర్రెలు, జింకలు ఉంటాయి, ఫిల్టర్ సీసా వాడండి.

వాగు దాటాల్సి వస్తే నీళ్ళు మోకాలు దాటకూడదు. గట్టి వాన పడ్డాక పొద్దున అడుగులో దాటిన వాగు మధ్యాహ్నానికి దాటలేనంత పొంగుతుంది. పొంగితే వెనక్కి వచ్చేయండి, లేదా ఎత్తైన చోట కూర్చుని తగ్గేదాకా ఆగండి.

పాటించాల్సినవి

స్కాట్లాండ్‌లో 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం దాదాపు ఎక్కడైనా నడిచే, పరిగెత్తే హక్కు అందరికీ ఉంది, బాధ్యతగా ఉన్నంతవరకు. ఇంటి ఆవరణలు, పంట ఉన్న చేలు వదిలేయండి. గేటు తెరిచి ఉంటే తెరిచే వదలండి, మూసి ఉంటే మూసి వెళ్ళండి. ఏప్రిల్, మేలలో గొర్రెలు ఈనుతాయి, పిల్లలతో ఉన్న గొర్రెల దగ్గర పరుగు ఆపి దూరంగా నడిచి వెళ్ళండి. ఒడ్డున రాళ్ళ మీద సీల్ పిల్ల ఒంటరిగా కనిపిస్తే తల్లి వదిలేసిందనుకోకండి, దగ్గరికి పోకండి.

ఏదైనా అయితే

బయలుదేరే ముందు రూట్, తిరిగొచ్చే టైమ్ ఎవరికైనా రాసి ఇవ్వండి. బసలో ఆంటీ అయినా సరే, ఇంట్లోవాళ్ళకి మెసేజ్ అయినా సరే. ప్రమాదం జరిగితే 999కి ఫోన్ చేసి, కొండలో అయితే పోలీసుని అడిగి మౌంటెన్ రెస్క్యూ కావాలనండి. సముద్రం ఒడ్డున అయితే కోస్ట్‌గార్డ్‌ని అడగండి. మాట పోనంత బలహీనంగా సిగ్నల్ ఉన్నా ఒక్కోసారి మెసేజ్ పోతుంది. యూకే సిమ్ ఉన్నవాళ్ళు రిజిస్టర్ అనే ఇంగ్లీషు మాటని ఇంటి దగ్గరే 999కి పంపి నమోదు చేసుకుంటే అవసరమైనప్పుడు మెసేజ్ ద్వారా సాయం అడగొచ్చు. అదీ కుదరకపోతే విజిల్: నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు. ఇక్కడ రక్షించడానికి వచ్చేది ఎక్కువగా వాలంటీర్లు, చేస్తున్న పని వదిలేసి వస్తారు. చేరడానికి గంటలు పట్టొచ్చు. ఆ గంటలు వెచ్చగా ఉండడానికే సంచిలో అన్నీ పెట్టుకోమన్నది.

పరుగయ్యాక

స్నానం చేసేటప్పుడు ఒళ్ళంతా చూసుకోండి. మన పశువులకి పట్టే పిడుదుల లాంటివే, గసగసాల గింజంత చిన్నవి, ఫెర్న్ పొదల్లోంచి, పొడుగు గడ్డిలోంచి కాళ్ళకి అంటుకుంటాయి. మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో, నడుము పట్టీ దగ్గర, జుట్టు అంచున వెతకండి. అంటుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకుని, నిటారుగా నెమ్మదిగా లాగండి. నలపకండి, నూనె, కిరోసిన్ పొయ్యకండి, అగ్గిపుల్ల పెట్టకండి. అలా చేస్తే దాని కడుపులోది మీ రక్తంలోకి కక్కే ప్రమాదం ఉంది. ఆ చోటు సబ్బుతో కడిగి, తారీఖు ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

పిడుదుల్లో కొన్నిటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. తర్వాతి కొన్ని వారాల్లో కరిచిన చోట ఎర్రటి మచ్చ మొదలై వెడల్పవుతూ పోయినా, ఫ్లూ లాంటి జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మొదట్లోనే యాంటీబయాటిక్స్ వాడితే తగ్గిపోతుంది. ఇండియా తిరిగి వెళ్ళాక ఆ లక్షణాలు కనిపిస్తే, ఫలానా తారీఖున స్కాట్లాండ్‌లో పిడుదు కరిచిందని మీరే ముందు చెప్పండి. మన దగ్గర డాక్టర్లకి ఈ జబ్బు అరుదుగా ఎదురవుతుంది, జ్వరమనగానే ముందు డెంగీ, టైఫాయిడ్ వైపే చూస్తారు.